శ్రీ ఈ7 గారి దివ్యసముఖమునకు

అయ్యా,

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ-16 వైరస్ ప్రోటీన్ల కుటుంబంలో తమరు పొట్టివారు. ఒంట్లో ఉన్నవి 98 అమైనో ఆమ్లాలు. కణ విభజనకు కాపలా కాసే, తమరు మట్టి కరిపించే ఆర్‌బీ ప్రోటీన్ గారికి 928. తమరు కనీసం ఎంజైము కూడా కారు. ఇంత తక్కువ పెట్టుబడితో ఇంత నష్టం చేయగలవారిని అభినందించకుండా ఉండలేకపోయాను.

తమ వైరస్ ఆస్తి తెలిసిందే. దాదాపు 8 వేల బేస్ జతల డీఎన్‌ఏ ఉంది, దానికి నకలు తీసే పాలిమరేజ్ మాత్రం లేదు. కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకునే ఎస్ దశలోకి వస్తేగాని ఆ సరంజామా దొరకదు. తమరు కాపురమున్న పైపొర కణాలేమో విభజన చాలించినవి. వంట ముగించి, పొయ్యి ఆర్పి పడుకున్న ఇంట్లో మళ్ళీ పొయ్యి రాజేయడమే తమ ఉద్యోగం.

మామూలుగా ఎస్ దశకు కావలసిన జన్యువులను నిద్రలేపే ఈ2ఎఫ్‌ను ఆర్‌బీ పట్టి ఉంచుతుంది. కణ విభజనను నడిపే సైక్లిన్లు, సీడీకే ఎంజైములు వచ్చి వరసగా ఫాస్ఫేట్లు తగిలిస్తేనే వదులుతుంది. తమకు అంత ఓపిక ఎక్కడిది? చిన్న కొక్కెంతో ఆర్‌బీని తగులుకుని కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రొటియాజోమ్‌లోకి తోయిస్తారు. ఈ2ఎఫ్‌కు స్వేచ్ఛ, డీఎన్‌ఏకు నకళ్ళు. కణం పాపం కంగారుపడి, సీడీకేలకు పగ్గాలు వేయడానికి పి16 అనే ప్రోటీన్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది. పరుగెత్తిస్తున్నది సీడీకేలు కానప్పుడు ఆ పగ్గాలెందుకు? అయితే ఆ కుప్పల వల్లే పాథాలజిస్టులు తమ జాడ పసిగడుతున్నారు.

ఇలాంటి గందరగోళం చూస్తే కణంలోని మరో కాపలాదారు పి53 ప్రోటీన్ ఊరుకోదు. కణాన్ని ఆపేస్తుంది, లేదా చంపేస్తుంది. అందుకే తమ సోదరులు ఈ6 గారు కణం సొంత ఉద్యోగి ఈ6ఏపీ చేతనే పి53 మీద ‘పారేయండి’ అనే యూబిక్విటిన్ ముద్ర వేయించి చెత్తలోకి పంపిస్తారు. దస్తావేజు మీద సంతకం ఇంటివారిదే. చట్టపరంగా ఎంత శుభ్రమైన పని!

ఇక వంశోద్ధరణ సంగతి. చాలామంది ఒంట్లోంచి తమరు ఒకటి రెండేళ్ళలో మర్యాదగా వెళ్ళిపోతారు. కొందరిలో మాత్రం పాతుకుపోతారు. వైరస్ డీఎన్‌ఏ తెగి క్రోమోజోములో ఇరుక్కున్నప్పుడు, తమ ఇద్దరినీ అదుపులో పెట్టే ఈ2 జన్యువు తరచూ ముక్కలవుతుంది. అప్పుడు తమరి విజృంభణకు అడ్డులేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తయారవుతుంది, కొత్త వైరస్ మాత్రం ఒక్కటీ తయారు కాదు. స్త్రీ ప్రాణం తీసి, తన వంశానికీ నిప్పు పెట్టుకునే ఈ తెలివికి ఏ బిరుదు ఇవ్వాలో తోచడం లేదు. తమ వంశాన్ని పట్టిచ్చిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కు మాత్రం 2008లో నోబెల్ ఇచ్చారు.

చివరిగా ఒక కబురు. 1951లో బాల్టిమోర్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగి హెన్రియెటా లాక్స్ నుంచి, ఆమెను అడగకుండానే, తీసుకుని ప్రయోగశాలల్లో నేటికీ పెంచుతున్న కణాల్లో తమ జ్ఞాతులు, హెచ్‌పీవీ-18 వైరస్ వారి ఈ6, ఈ7లు, నేటికీ కొలువున్నారు. ప్రయోగశాలలో ఆ కణాల్లోకి ఈ2ను తిరిగి పంపి వారి నోరు కట్టించారు. ఆర్‌బీ, పి53 వెంటనే విధుల్లో చేరాయి. దశాబ్దాలుగా పరుగెత్తిన కణాలు విభజన మాని ముసలివైపోయాయి. తమరు ఆర్‌బీ, పి53లను కొలువులోంచి తోసేశారే గాని, ఆ ఇద్దరి జన్యువులను తాకనేలేదు మరి.

ఇట్లు,
తమ ఆతిథ్యభారం మోస్తున్న ఒంటి యజమాని