గాయం కథ చాటున మిగిలిపోయిన కజోర్లా ఆట

సాంటి కజోర్లా పేరు వినగానే ఫుట్‌బాల్ అభిమానుల్లో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది అతని కుడి మడమ. 2016 అక్టోబరు 19న బల్గేరియా క్లబ్ లుడోగొరెట్స్‌తో జరిగిన చాంపియన్స్ లీగ్ (ఐరోపా క్లబ్‌ల టోర్నీ) మ్యాచ్‌లో కుంటుతూ మైదానం వీడిన ఈ స్పెయిన్ మిడ్‌ఫీల్డర్, ఆ తరువాత ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ తరఫున మళ్లీ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. శస్త్రచికిత్స మీద శస్త్రచికిత్స జరిగింది. ఇన్‌ఫెక్షన్ సోకి మడమ వెనుక ఉండే అకిలీస్ స్నాయువు కొన్ని సెంటీమీటర్ల మేర కుళ్లిపోయింది. పుండు పూడ్చడానికి వైద్యులు అతని చేతి చర్మాన్ని తీసి మడమకు అతికించారు. దాంతో చేతిపై పొడిపించుకున్న కుమార్తె పేరులో కొంత భాగం కాలి మీదికి చేరింది. కొడుకుతో కలిసి తోటలో నడవగలిగితే అదే పదివేలనుకోమని వైద్యులు చెప్పిన మనిషి, దాదాపు రెండేళ్ల తరువాత మళ్లీ బూట్లు కట్టుకున్నాడు.

ఈ కథ ఎన్నిసార్లు విన్నా మనసును కదిలిస్తుంది. అయితే దీన్నే పదేపదే చెప్పుకుంటూ పోవడం వల్ల మనకు తెలియకుండానే కజోర్లాకు ఒక అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. కష్టాలను జయించిన మంచి మనిషిగా అతన్ని అందరూ మెచ్చుకుంటున్నారు. తన తరంలోని అత్యుత్తమ మిడ్‌ఫీల్డర్లలో ఒకడిగా లెక్కించేవారు మాత్రం తక్కువ.

అందుకు మొదటి కారణం అతను పుట్టిన కాలం. 1984 డిసెంబరులో అస్టూరియస్ ప్రాంతంలోని ల్యానెరాలో పుట్టిన కజోర్లా జాతీయ జట్టుకు ఎదిగేనాటికి అక్కడ షావీ, ఇనియెస్టా, షాబి అలొన్సో, ఫాబ్రెగాస్, డేవిడ్ సిల్వా ఉన్నారు. వేరే ఏ దేశంలో పుట్టినా పదేళ్లపాటు తిరుగులేని స్థానం దక్కాల్సిన ఆటగాడు, స్పెయిన్‌లో తరచుగా రెండో అర్ధభాగంలో దిగే ప్రత్యామ్నాయంగా ఉండిపోయాడు. 2008 యూరో (ఐరోపా దేశాల టోర్నీ) ఫైనల్‌లో జర్మనీపై అతను సిల్వా స్థానంలోనే బరిలోకి దిగాడు. 2012లోనూ యూరో గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ రెండింటి మధ్య వచ్చిన 2010 ప్రపంచకప్‌ను గాయం దూరం చేసింది. స్పెయిన్ చరిత్రలోనే అతి పెద్ద విజయం తాలూకు ఛాయాచిత్రంలో అతను లేకపోవడం అతని కీర్తిని ఎంతగా తగ్గించిందో, 81 అంతర్జాతీయ మ్యాచ్‌ల లెక్క చెప్పదు.

ఇక అతని ఆటలో అసలు విశేషం రెండు కాళ్లూ సమానంగా ఆడటం. కుడివైపు కార్నర్ ఒక కాలితో, ఎడమవైపు కార్నర్ మరో కాలితో కొట్టేవాడు. చూసేవారికి ఇది కనువిందు చేసే విద్యగా తోచవచ్చు గానీ, దాని వెనుక కచ్చితమైన ప్రయోజనం ఉంది. సాధారణంగా మిడ్‌ఫీల్డర్ మీదికి వచ్చే ప్రత్యర్థి అతని బలమైన కాలివైపు దారి మూసేసి, బలహీనమైన కాలివైపు నెడతాడు. కజోర్లాను ఎటు నెట్టినా లాభం లేదు. బంతిని అనువైన కాలికి మార్చుకునే అవసరం లేనందువల్ల ఇతరులు ఖర్చుచేసే ఆ అరక్షణం అతనికి మిగిలేది. కేవలం 168 సెంటీమీటర్ల ఎత్తు, చెప్పుకోదగ్గ వేగం లేని దేహంతో ఇంగ్లండ్ లీగ్‌లో నెగ్గుకురావడానికి ఆ అరక్షణమే ఆధారం.

దీనికి నిదర్శనంగా 2015 జనవరి 18న ఎతిహాద్ మైదానంలో మాంచెస్టర్ సిటీపై ఆర్సెనల్ 2-0తో గెలిచిన మ్యాచ్‌ను చూడమంటాను. అప్పటిదాకా వింగ్‌లోనో, స్ట్రైకర్ వెనుకో ఆడుతూ వచ్చిన కజోర్లాను, మిడ్‌ఫీల్డ్‌లో గాయాల బెడద కారణంగా కోచ్ ఆర్సెన్ వెంగర్ బాగా వెనక్కి జరిపి, రక్షణ బాధ్యత చూసే మిడ్‌ఫీల్డర్ కొక్లాన్ పక్కన నిలిపాడు. బంతి ఎక్కువసేపు సిటీ వద్దే ఉంది. ఆర్సెనల్‌కు బంతి చిక్కిన ప్రతిసారీ మీదపడే ఇద్దరు ముగ్గురిని భుజం కదలికతో తప్పించి, ఒత్తిడి నుంచి జట్టును బయటపడేసే పని కజోర్లాది. మొదటి గోల్ అతని పెనాల్టీ. రెండోది అతని ఫ్రీ కిక్‌కు స్ట్రైకర్ జిరూ తలతో కొట్టినది. అంతకు ముందు ఏడాది ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో హల్ సిటీ ఎనిమిది నిమిషాలకే రెండు గోల్స్ చేసినప్పుడు, 17వ నిమిషంలో ఫ్రీ కిక్‌తో జట్టును తిరిగి మ్యాచ్‌లోకి తెచ్చిందీ అతనే. తొమ్మిదేళ్ల ట్రోఫీ కరవు ఆ రోజు తీరింది. అయినా సరే, ఎతిహాద్ మ్యాచ్‌నే నేను పైన పెడతాను, ఎందుకంటే ముప్పై ఏళ్ల వయసులో దాదాపు కొత్త పాత్రలోకి మారి, ఆ పాత్రకే కొలమానంగా నిలవడం అరుదైన సంగతి.

అతను దూరమైన 2016-17 సీజన్‌లో ఆర్సెనల్ ఇంగ్లండ్ లీగ్‌లో అయిదో స్థానంలో నిలిచి, వెంగర్ హయాంలో తొలిసారిగా మొదటి నాలుగు స్థానాల నుంచి జారిపోయింది. ఆ పతనానికి వేరే కారణాలూ ఉన్నాయి, నిజమే. కానీ వెనుకనుంచి బంతిని ముందుకు చేర్చే మనిషి లేని లోటు ఆ జట్టు ప్రతి మ్యాచ్‌లోనూ కనిపించేది.

మైదానంలోకి తిరిగి వచ్చాక అతను జాలితో చోటు సంపాదించుకోలేదు. 2018లో స్పెయిన్‌లోని తన పాత క్లబ్ విల్యారియల్‌లో చేరి, 2019 జనవరిలో రియల్ మాడ్రిడ్‌పై రెండు గోల్స్ చేశాడు. వాటిలో ఒకటి, ఆ ఎత్తుకు నమ్మశక్యం కాని రీతిలో, తలతో కొట్టినది. అదే ఏడాది జాతీయ జట్టుకు మళ్లీ పిలుపొచ్చింది. మరుసటి సీజన్‌లో విల్యారియల్ స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్ అయిన లా లీగాలో అయిదో స్థానం అందుకుంది. ఆ తరువాత మూడేళ్లు ఖతార్ క్లబ్ అల్ సద్‌లో గడిపాడు.

సొంత ప్రాంతపు క్లబ్ ఓవియెడోతో గడిపిన అధ్యాయాన్ని కూడా ఇదే దృష్టితో చూడాలి. బాల్యంలో ఆట నేర్పిన ఆ క్లబ్ 2003లో ఆటగాళ్లకు జీతాలివ్వలేక నాలుగో శ్రేణికి పడిపోయినప్పుడు అతను వెళ్లిపోవాల్సి వచ్చింది. 2012లో క్లబ్ మూతపడే స్థితికి చేరితే, మాతా, మిచు వంటి అక్కడి పూర్వ ఆటగాళ్లతో పాటు తానూ వాటాలు కొని ఆదుకున్నాడు. 2023లో కనీస వేతనానికే ఒప్పందం చేసుకుని, తన పేరున్న చొక్కాల అమ్మకాల్లో పది శాతం క్లబ్ అకాడమీకి ఇవ్వాలని కోరాడు. ఈ ఔదార్యానికి చేతులెత్తి మొక్కాల్సిందే. అయితే ఓవియెడోను ఒడ్డెక్కించింది ఔదార్యం ఒక్కటే అనుకుంటే పొరపాటు. లా లీగాకు ఎదగడానికి ఆడే ప్లేఆఫ్‌ల 2024 ఫైనల్‌లో ఎస్పాన్యోల్ చేతిలో ఆ జట్టు ఓడింది. 2025లో అల్మేరియాతో సెమీఫైనల్‌లో కజోర్లా ఫ్రీ కిక్ గోల్‌గా మారింది. మిరాందెస్‌తో రెండు అంచెల ఫైనల్‌లో తొలి అంచెలో ఓడి, జూన్ 21న సొంత మైదానం కార్లోస్ టార్టియేర్‌లో మరో గోల్ వెనుకబడిన దశలో, పెనాల్టీ కొట్టే బాధ్యత నలభై ఏళ్ల ఆ కాళ్లకే జట్టు అప్పగించింది. అతను గురి తప్పలేదు. అదనపు సమయంలో 3-1తో గెలిచిన ఓవియెడో, 24 ఏళ్ల తరువాత లా లీగాలో అడుగుపెట్టింది.