హాస్టల్ ఉమ్మడి దువ్వెన గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన దువ్వెన గారికి,

రెసిడెన్షియల్ కాలేజీ బాయ్స్ హాస్టల్, కిటికీ ఊచల సందు.

ఏంటి సార్ ఎలా ఉన్నారు, పళ్ళు ఎన్ని మిగిలాయి? మిమ్మల్ని ఎవడు కొన్నాడో ఈరోజుకీ ఎవడికీ తెలీదు, కానీ పొద్దున బెల్ కొట్టగానే రూమ్ మొత్తం "మావా ఒక్కసారి ఇవ్వరా" అని మీకోసమే కొట్టుకుంటారు. పక్కోడి టూత్‌బ్రష్ అంటే ఛీ అంటారు, మీ సందుల్లో నల్లగా పేరుకున్న మట్టి మాత్రం ఎవరికీ కనపడదు.

చుండ్రు అంటించేది మీరేనని అందరూ తిడుతుంటారు కదా, అందులో మాత్రం మీ తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటా. మలస్సీజియా అనే ఈస్ట్ (ఒకరకం ఫంగస్) దాదాపు అందరి నెత్తి మీదా ముందే ఉంటుంది, ఈ వయసులో హార్మోన్ల వల్ల తలలో జిడ్డు పెరుగుతుంది, ఆ ఈస్ట్ ఈ జిడ్డు తిని వదిలే ఆమ్లాలు కొందరి చర్మానికి పడవు, పొట్టు రాలుతుంది, అంతే. ఇక ఆదివారం అమ్మ వచ్చి "తల ఎండిపోయింది నాన్నా" అని కొబ్బరినూనె కుమ్మరించి వెళ్తుంది, అంటే ఆ ఈస్ట్‌కి ఫుల్ మీల్స్ పెట్టి వెళ్ళినట్టే.

సో చుండ్రు కేసులో మీరు నిర్దోషి. పేల కేసులో ఏ2, ఎందుకంటే ఏ1 మంచాలు కలిపేసుకుని తలా తలా ఆనించి పడుకోవడం. గుండ్రంగా జుట్టు ఊడే తామర కేసులో మాత్రం మీ హస్తం గట్టిగానే ఉంది, కానీ దాని గురించి మిమ్మల్ని ఎవ్వడూ అడగడు. పైగా మిమ్మల్ని వాడేది బైపీసీ బ్యాచ్! ఫంగై చాప్టర్‌లో బిట్లన్నీ నోటికొచ్చు, నెత్తి మీదున్నదీ ఆ కింగ్‌డమే అని మాత్రం తట్టదు.

చుండ్రుకి డాక్టర్ కీటోకొనజోల్ అనే ఫంగస్ మందున్న షాంపూ రాసిస్తాడు, వారానికి రెండుసార్లు, పెట్టుకుని 3 నుంచి 5 నిమిషాలు ఆగి కడగమంటాడు. ఎక్కడ ఆగాలి సార్? ఒక నిమిషం దాటితే తలుపు బాదుతూ "ఒరేయ్ లోపల చచ్చావా" అంటారు, ఈలోపు ట్యాంకులో నీళ్ళు అయిపోతాయి. రాత్రి పది దాకా స్టడీ అవర్స్ వేసిన టైంటేబుల్‌లో తలకి 5 నిమిషాలు లేవు. కానీ నేవీ బ్లూ స్వెటర్ మీద పొట్టు కనిపిస్తే క్లాసులో "ఏరా స్నానం చెయ్యవా" అని లేపి నిలబెట్టడానికి టైం దొరుకుతుంది, రోజూ స్నానం చేసేవాడిని కూడా. ఆ తర్వాత వాడు ముందు బెంచీలో కూర్చోడు.

మీరు రిటైర్ అవ్వండి సార్, తలకో దువ్వెన రానివ్వండి. అప్పటిదాకా కనీసం వారానికోసారి వేడినీళ్ళు, సబ్బు చూడండి.

ఇట్లు,
మీ కింద తల వంచిన ఒక మాజీ.

తా.క: వార్డెన్ సార్ టేబుల్ సొరుగులో తాళం వేసుకుని ఒకటి ఉంటుంది, మీ చుట్టమేనా? ఆయన దాన్ని ఎవ్వరికీ ఇవ్వడు.