హీటరు కొనే ముందు ఒక అగరుబత్తి వెలిగించండి

చలి ముదిరేసరికి మనవాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఒక ప్రశ్న వస్తుంది: "బేస్‌మెంటుకి ఏ హీటరు మంచిదండీ?" ఆయిల్‌దా, ఫ్యాన్‌దా, ఇన్‌ఫ్రారెడ్‌దా అని అరగంట చర్చ నడుస్తుంది. నన్నడిగితే ఆ ప్రశ్న దగ్గరే పొరపాటు ఉంది. 1,500 వాట్ల హీటరు ఏ కంపెనీది తెచ్చినా, ఎంత పెట్టి కొన్నా, ఇచ్చే వేడి ఒక్కటే. రాత్రికి పది గంటలు నడిస్తే పదిహేను యూనిట్లు. ఆ వేడి గదిలో నిలవకపోతే చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే.

ఇంత ధీమాగా చెప్తున్నాను కానీ, నేనూ రెండు హీటర్లు కొన్నాకే తెలుసుకున్నాను. అది తెలిసేలా చేసింది కూడా మా నాన్న. మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన పడక కింద బేస్‌మెంటులోనే. ఆయనకి మెట్లెక్కే ఇబ్బంది లేదు, పక్కనే బాత్రూమ్ ఉంది, సదుపాయంగా ఉంటుందని మేమే అలా అమర్చాం. ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ పైన హాల్లో ఉంటుంది, దానికి కింది సంగతి తెలియదు. నాన్న హీటరు పక్కనే పెట్టుకుని, శాలువా చెవులదాకా కప్పుకుని కూర్చునేవారు. ఒకరోజు పొద్దున్నే, "ఒరేయ్, ఇక్కడ చలి కాదురా, గాలి. ఎక్కడినుంచో వస్తోంది చూడు" అన్నారు. కిటికీలు మూసే ఉన్నాయి, గాలేమిటి నాన్నా అన్నాను. ఆయన వాదించలేదు. అగరుబత్తి ఒకటి వెలిగించి గోడ వెంబడే నడిచారు. గది మధ్యలో నిటారుగా లేచిన పొగ, గోడ పైఅంచు దగ్గరికి వెళ్ళగానే గదిలోకి వంగిపోయింది. ప్లగ్ పాయింట్ దగ్గరా అంతే.

సీలింగు పలక ఒకటి ఎత్తి టార్చి వేసి చూశాను. కాంక్రీటు గోడ ముగిసి, దాని మీద ఇంటి చెక్క దూలాలు ఆనే చోటు అది. రిమ్ జాయిస్ట్ అంటారు. బయటి చలికీ మనకీ మధ్య అక్కడ ఉండేది ఒకటిన్నర అంగుళాల చెక్కా, దానికి బయట వేసిన తొడుగూ మాత్రమే. చెక్కకీ కాంక్రీటుకీ మధ్య సందులు సరేసరి. దూలానికీ దూలానికీ మధ్య గళ్ళల్లో ఫైబర్‌గ్లాస్ కుక్కి ఉంది. ఒక ముక్క బయటికి లాగితే గులాబీ రంగులో ఉండాల్సింది అక్కడక్కడా నల్లగా మసిబట్టి ఉంది. ఏళ్ళ తరబడి దాంట్లోంచి గాలి వస్తోంది, దుమ్ము మాత్రం అక్కడే ఆగిపోయింది. దూదిలాంటి ఆ సరుకు గాలిని వడకడుతుందే తప్ప ఆపదు.

ఇంతకీ గాలి కిందినుంచే ఎందుకు దూరుతుంది? వెచ్చటి గాలి పైకి లేచి, అటకలోకీ పైఅంతస్తు సందుల్లోంచీ బయటికి పోతుంది. పోయినంత గాలి మళ్ళీ ఎక్కడో ఒకచోటినుంచి లోపలికి రావాలి. ఇల్లంతా ఒక పొగగొట్టంలా పనిచేస్తుందన్నమాట. అందుకే పైన వేడి పెంచినకొద్దీ కింద చలిగాలి ఇంకా గట్టిగా దూరుతుంది. బేస్‌మెంటు వెచ్చగా ఉండాలంటే అటక తలుపు చుట్టూ ఉన్న సందు కూడా మూయాలని చెప్తే మొదట్లో ఎవరూ నమ్మరు. నేనూ నమ్మలేదు.

రెండు వారాంతాలు పట్టింది. రెండంగుళాల ఫోమ్ బోర్డుని గడికి తగ్గ కొలతకి కోసి, లోపల పెట్టి, చుట్టూ స్ప్రే ఫోమ్‌తో మూసేశాను. చేతులకి గ్లవ్స్ లేకుండా ఆ డబ్బా ముట్టుకోకండి, వారం రోజులు వదలదు. పని అందంగా రాలేదు. మళ్ళీ పలక దించేస్తే ఎవరికి కనిపిస్తుంది కనక! బహుశా అందుకే మనకి దీనిమీద ఆసక్తి ఉండదు. హోమ్ థియేటర్ స్క్రీను ఎన్ని అంగుళాలుండాలో నెల్లాళ్ళు ఆలోచిస్తాం, దాని వెనక గోడలో ఏముందో అడగం.

గోడ అంటే గుర్తొచ్చింది. బేస్‌మెంటు ఫినిష్ చేయించినప్పుడు కాంట్రాక్టరు కాంక్రీటుకి ఆనించే చెక్క ఫ్రేము కట్టి, అందులో ఫైబర్‌గ్లాస్ నింపి, పైన డ్రైవాల్, అంటే జిప్సం పలకలు, కొట్టేశాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. ఇల్లు అలకగానే పండగ కాదని మూడో ఏడు తెలిసింది, ముక్క వాసన మొదలయ్యాక. గదిలోని తేమగాలి దూదిలోంచి దూరి వెనకున్న చల్లటి కాంక్రీటుని తగిలితే నీళ్ళవుతుంది, చల్లటి గ్లాసు బయట చెమట పట్టినట్టు. ఆ చీకట్లో బూజు పెరగడానికి ఇంకేం కావాలి? ఒక గోడ మొత్తం విప్పించి, ఈసారి కాంక్రీటుకి నేరుగా ఫోమ్ బోర్డు అంటించి, అతుకులన్నిటికీ టేపు వేసి, దాని ముందు ఫ్రేము కట్టించాను. ఎనిమిదంగుళాల కాంక్రీటు గోడ చలిని ఆపే శక్తి ఆర్-1 లెక్కన ఉంటుంది, రెండంగుళాల ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ బోర్డుది ఆర్-10. ఆర్ అంకె పెరిగినకొద్దీ చలి అంత బాగా ఆగుతుంది. అంత లావు గోడ ఉంది కదా అనే ధైర్యం ఉత్తదే. ఫోమ్ మీద మాత్రం డ్రైవాల్ తప్పనిసరి. అది అంటుకుంటే వచ్చే పొగ ప్రాణం తీస్తుంది.

అయితే గోడకి తడి ఉంటే ఇవేవీ మొదలుపెట్టొద్దు. ప్లాస్టిక్ కాగితం ఒక ముక్క గోడకి నాలుగు పక్కలా టేపుతో అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. గోడవైపు చెమ్మ పడితే నీళ్ళు బయటినుంచి వస్తున్నాయి, గదివైపు పడితే అది లోపలి తేమ. బయటినుంచి వస్తుంటే చాలాసార్లు తప్పు గోడది కాదు, పైకప్పు నీళ్ళని పునాది పక్కనే వదిలే గొట్టానిది. దాన్ని ఐదారు అడుగులు దూరంగా పొడిగించండి, ముందు అది చూడండి.

వేడిగాలి వెంట్లు సీలింగులో ఉండి, గాలి వెనక్కి వెళ్ళే దారి కింద లేకపోతే చల్లగాలి నేల మీదే మడుగు కడుతుంది. అది ఫర్నేస్, అంటే ఇంటికంతా వేడిగాలి పంపే యంత్రం, బాగుచేసే మనిషితో మాట్లాడాల్సిన విషయం.

ఒక్క చోట మాత్రం సందులు మూసే ఉత్సాహం తగ్గించుకోవాలి, ఫర్నేస్ గదిలో. గ్యాసుతో నడిచే పాత ఫర్నేస్, వాటర్ హీటరు చాలావరకు మండటానికి ఆ గదిలో గాలినే తీసుకుంటాయి. ఆ గాలి దారిని గుడ్డలు కుక్కి మూసినవాళ్ళని చూశాను. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. కింద ఎవరైనా పడుకుంటుంటే దాని డిటెక్టర్ కిందే ఒకటి ఉండాలి, పైనున్నది చాలదు. హీటరు పెట్టక తప్పకపోతే నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డులో వద్దు. దుప్పటికీ దానికీ మూడడుగుల దూరం ఉండాలి. నాన్న శాలువా హీటరుకి జానెడు దూరంలో ఉండేదని తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

పోయిన చలికాలం నాన్న మళ్ళీ వచ్చారు. అదే గది, అదే మంచం. హీటరు అడగలేదు. నాలుగో రోజు పొద్దున్న మళ్ళీ అగరుబత్తి వెలిగించి గోడ వెంబడి ఒక చుట్టు తిరిగారు. పొగ వంగలేదు. "గోడ బాగుంది. నేల మాత్రం కాళ్ళు లాగేస్తోందిరా" అన్నారు. నిజమే, కాంక్రీటు మీద నేరుగా పరిచిన కార్పెట్టు అది. దాని కింద ఫోమూ ప్లైవుడ్డూ వేయించాలి. ఈ ఏడు ఆ పని పెట్టుకున్నాను.