ఫే వాంగ్ మొదటి ఆల్బమ్‌లు విన్నాక మాట్లాడండి

ఇవాళ పొద్దున మా సినిమా గ్రూపులో ఒకాయన ‘చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్’ అనే హాంకాంగ్ సినిమా చూసి పరవశించిపోయి పెద్ద పోస్టు పెట్టారు. కెమెరా ఎలా పరుగెత్తిందో రాశారు, ఆ రాత్రిపూట లైట్ల గురించి రాశారు, దర్శకుడు వాంగ్ కార్‌వాయి గురించి పేరాలకు పేరాలు రాశారు. చిట్టచివర ఒక్క ముక్క: “ఇందులో పొట్టి జుట్టు అమ్మాయి పాటలు కూడా పాడిందట.”

అప్పటినుంచీ ఒళ్లు మండిపోతోంది. పని మీద మనసు నిలవడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ పొట్టి జుట్టు అమ్మాయి పేరు ఫే వాంగ్. 1994లో ఆ సినిమా వచ్చేనాటికి ఆమె రికార్డింగులు మొదలుపెట్టి తొమ్మిదేళ్లు. సినిమాలో ఆ పోలీసు ఇంట్లో లేనప్పుడు తాళం తీసుకుని దూరి, ఇల్లంతా సర్దుతూ ఆడుకుంటుంది చూడండి, అక్కడ వెనక వచ్చే పాట ఆమె పాడిందే. ఐర్లాండ్ బృందం క్రాన్‌బెర్రీస్ ‘డ్రీమ్స్’ పాటని హాంకాంగ్ వాళ్ల భాష కాంటోనీస్‌లో పాడింది. తెర మీద మనిషీ ఆమే, వెనక గొంతూ ఆమెదే. అంత పొడుగు పోస్టు రాసిన మనిషికి ఆ గొంతు ఎవరిదో కనుక్కోవాలని కూడా అనిపించలేదా?

సరే, తెలియదు అనుకుందాం. నేను జవాబు పెట్టేలోపే ఇంకొకరు దిగారు. “సార్, ఆవిడ పెద్ద సింగరే. కాకపోతే మొదటి ఆల్బమ్‌లు వేస్ట్, అన్నీ కాపీ పాటలు. 94 నుంచి వినండి చాలు.” దానికి పది మంది లైకులు. నన్ను అసలు కాల్చేసింది ఇది. మొదటాయనకి ఆమె ఎవరో తెలియదు, పోనీ. ఈయనకి తెలుసు. తెలిసి కూడా ఆమె జీవితంలోంచి కష్టపడ్డ భాగం మొత్తం కత్తిరించి అవతల పారేశారు.

ఆ భాగం ఏమిటో చెప్తాను. బీజింగ్‌లో పుట్టింది, 1969లో. నాన్న గనుల ఇంజనీరు. అమ్మ విప్లవ గీతాలు పాడే సోప్రానో, అంటే పై స్థాయి గొంతున్న గాయని. ఇంట్లోనే గాయని ఉంది కదా, ప్రోత్సహించి ఉంటారనుకుంటాం. లేదు. పాటతో బతుకు గడవదని అమ్మకి స్వయంగా తెలుసు కాబట్టి కూతురు ఆ దారిలోకి రాకూడదనుకుంది. స్కూలు వాళ్లు ఆ తల్లికి తెలియకుండా పిల్ల పాటల సంగతి దాచాల్సి వచ్చింది. అలాంటి ఇంట్లో ఉంటూ, హైస్కూల్ చదువుతూ, 1985 నుంచి 87 లోపల క్యాసెట్ల మీద క్యాసెట్లు పాడింది. ఎక్కువగా టెరెసా టెంగ్ పాటలు. టెంగ్ తైవాన్ గాయని. అంతకు కొన్నేళ్ల ముందు చైనాలో ఆ పాటలు మనసు చెడగొడతాయని నిషేధించారు. జనం దొంగచాటుగా క్యాసెట్లు కాపీ చేసుకుని విన్నారు. ఆ పాటలు వింటూ పెరిగిన పిల్ల గొంతు ఇది.

చైనాలోనే షామెన్ యూనివర్సిటీలో సీటు వచ్చింది, వదిలేసుకుంది. 1987లో నాన్న దగ్గరికి హాంకాంగ్ వెళ్లింది. కాంటోనీస్ రాదు, స్నేహితులు లేరు. అక్కడ అప్పట్లో చైనా ప్రధాన భూభాగం నుంచి వచ్చినవాళ్లంటే చిన్నచూపు. ఆండీ లావ్ లాంటి హాంకాంగ్ స్టార్లకి పాఠం చెప్పిన దై సిచొంగ్ అనే గురువు దగ్గర నేర్చుకుంది. 1989లో సినీపాలీ అనే రికార్డు కంపెనీ తీసుకుంది. తీసుకుని మొట్టమొదట చేసిన పని, ఆమె పేరు మార్చడం. వాంగ్ ఫే అంటే పల్లెటూరి పేరులా, ప్రధాన భూభాగం వాళ్ల పేరులా ఉందట. వాంగ్ జింగ్‌మన్ అని పెట్టారు, ఇంగ్లీషులో షర్లీ వాంగ్ అన్నారు. ఇరవై ఏళ్ల పిల్ల. సొంత పేరు పక్కన పెట్టి, పుట్టిన ఊరు దాచుకుని, కొత్తగా నేర్చుకున్న భాషలో పాడింది. ఆ పాటల్ని వేస్ట్ అని ఒక్క మాటలో తేల్చేస్తారా?

‘షర్లీ వాంగ్’ 1989లో, ‘ఎవ్రీథింగ్’, ‘యూ ఆర్ ది ఓన్లీ వన్’ 1990లో వచ్చాయి. వీటిలో అమెరికా నుంచీ ఇతర దేశాల నుంచీ తెచ్చిన పాటలకి కాంటోనీస్ మాటలు కట్టి పాడించినవి చాలానే ఉన్నాయి, నిజమే. ఈమెకంటూ సొంత ముద్ర లేదని అప్పుడే అక్కడి పత్రికలవాళ్లు కొందరు అన్నారు. కానీ ఏ పాట పాడాలో, ఏ బట్టలు వేసుకోవాలో కంపెనీ చేతుల్లో ఉన్నప్పుడు సొంత ముద్ర ఎక్కడి నుంచి వస్తుంది? నేను ఆ మూడూ మళ్లీ మళ్లీ విన్నాను. వాయిద్యాలు గొంతు మీద పడిపోతుంటాయి, ఆ కాలం డ్రమ్ మెషీన్ అన్నిటినీ తొక్కేస్తుంటుంది. అయినా నెమ్మది పాటల్లో, వాక్యం చివర, ఆమె గట్టిగా లాగకుండా స్వరాన్ని గాలిలో వదిలేస్తుంది. ఆ వదిలేయడమే తర్వాత ప్రపంచమంతా మెచ్చుకున్న ఫే వాంగ్. అది 94లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. 89లోనే ఉంది. వినే చెవి లేక వినలేదు జనం.

నేను సింగపూర్‌లో ఉద్యోగం చేసేటప్పుడు నా రూమ్మేట్ బీజింగ్ అమ్మాయి. గిన్నెలు కడుగుతూ ఈ పాటలు కూనిరాగం తీసేది. మాటలు ఒక్కటి అర్థం కాకపోయినా ఆ వాక్యం చివరి వదిలేయడం మాత్రం నాకు వెంటనే దొరికింది. ఆమె కూనిరాగంలో కూడా అది ఉండేది.

ఇక ఆ కాపీ గొడవ. 1991లో ఆమె అన్నీ ఆపేసి న్యూయార్క్ వెళ్లిపోయింది. తిరిగి వచ్చి 1992లో ‘కమింగ్ హోమ్’ చేసింది. దాంట్లో ‘సులువుగా గాయపడే ఆడది’ అనే పాట హాంకాంగ్‌ని ఊపేసింది. ఆ బాణీ జపాన్ గాయని, రచయిత్రి మియుకి నకజిమాది. అయితే ఏమిటి? హాంకాంగ్‌లో ఆ రోజుల్లో జపాన్ బాణీకి కాంటోనీస్ మాటలు రాయించి పాడటం అందరూ బాహాటంగా చేసేదే. మగ స్టార్లు చేస్తే వాళ్లని ఎవరూ దొంగలనలేదు. ఈమె దగ్గరికి వచ్చేసరికి కాపీ అయిపోయింది. 1994లో ‘రాండమ్ థాట్స్’లో కాక్టో ట్విన్స్ అనే స్కాట్లాండ్ బృందం పాటలు రెండు పాడింది. మీరు కాపీ అని మొహం చిట్లించిన ఆమె కోసం అదే కాక్టో ట్విన్స్ 1996లో ‘ఫుజావ్’ ఆల్బమ్‌కి రెండు పాటలు స్వయంగా కట్టి ఇచ్చారు. ఆ పాటలు కట్టినవాళ్లకే లేని అభ్యంతరం, హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్లో టైప్ చేసేవాళ్లకి ఎందుకు?

ఆ న్యూయార్క్ తర్వాతే షర్లీ పోయి ఇంగ్లీషులో ఫే అయింది. 1994కి చైనీస్‌లో కూడా తన అసలు పేరు తను వెనక్కి తెచ్చుకుంది. ఆ ఒక్క ఏడాదిలో నాలుగు ఆల్బమ్‌లు, రెండు చైనా అధికార భాష మాండరిన్‌లో, రెండు కాంటోనీస్‌లో. వాటిలో ‘స్కై’ విన్నవాళ్లకి నేను ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆ ఏడాది చివర్లో హాంకాంగ్ కొలీజియంలో వరసగా 18 కచేరీలు చేసింది. 94 నుంచి వినండి అనేవాళ్లారా, ఆ పేరు ఎవరు లాక్కున్నారో వినకపోతే దాన్ని తిరిగి తెచ్చుకోవడంలో ఏముందో మీకెలా తెలుస్తుంది?

ఇదంతా గ్రూపులో రాశాను. వచ్చిన జవాబేమిటో తెలుసా? “ఏమోనండీ, ఇంటర్వ్యూల్లో చూశా, ఆవిడకి పొగరెక్కువ.”

పొగరు! నాకు ఈ మాటతో చాలా పాత లెక్క ఉంది. ఫే వాంగ్ కచేరీల్లో పాటకీ పాటకీ మధ్య కబుర్లు చెప్పదు. పాడుతుంది, థాంక్యూ అంటుంది, మళ్లీ పాడుతుంది. విలేఖరి పిచ్చి ప్రశ్న అడిగితే ఒక్క మాటలో ముగిస్తుంది. నవ్వాలనిపిస్తే నవ్వుతుంది. ఒక మగ గాయకుడు ఇలా ఉంటే ఆయన్ని మౌని అంటాం, సంగీతంలో మునిగిపోయాడంటాం. ఆడది నోరు మూసుకుని తన పని తాను చేసుకుంటే పొగరు.

మా అక్క కూతురు ఆ మధ్య ఒక టీవీ పాటల పోటీకి వెళ్లింది. కళ్లు మూసుకుని పాడే పిల్ల. చరణంలో గమకాలు కష్టమైనవి, ఒక్కటీ తప్పలేదు. జడ్జి గారు ఏమన్నారు? “బాగా పాడావమ్మా, కానీ నవ్వుతూ పాడాలి. ఆడపిల్లవి, ఆ మొహం అలా పెట్టుకుంటే ఎవరు చూస్తారు?” విషాదగీతం అండీ అది! ఏడుస్తున్న పాటని నవ్వుతూ ఎలా పాడుతుంది? చూడ్డానికి కాదు కదా పిలిచింది, వినడానికి. ఆ పిల్ల ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి పళ్లు కనిపించేలా పాడటం ప్రాక్టీస్ చేసింది. పళ్లు కనిపించేలా పెదాలు సాగదీస్తే ‘ఓ’కారం పలకదు. రెండు రోజుల్లో పాట పాడైంది. అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ జడ్జి గారి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు, పోదు కూడా.

అందుకే ‘ఫుజావ్’ అంటే నాకు ప్రాణం. దాంట్లో కొన్ని చోట్ల మాటల కన్నా కూనిరాగాలే ఎక్కువ. అర్థం కావాలి, హిట్ కావాలి, నవ్వాలి అనే లెక్క ఏదీ లేదు. హాంకాంగ్‌లో, తైవాన్‌లో అంతకుముందు వాటంత అమ్ముడుపోలేదు. పోకపోతే పోయింది. పేరూ పాటా బట్టలూ అన్నీ కంపెనీ నిర్ణయించడంతో మొదలైన మనిషి, అదే కంపెనీకి ఇచ్చిన చివరి స్టూడియో ఆల్బమ్‌లో తనకి నచ్చింది మాత్రమే పాడి వెళ్లిపోయింది. ఆ 1996 అక్టోబరులోనే టైమ్ పత్రిక కవరు మీద ఆమె ఫొటో వేసింది.

మా అక్క కూతురికి మొన్న ‘షర్లీ వాంగ్’, ‘ఫుజావ్’ రెండూ పంపాను, వరసగా వినమన్నాను. మొదటిది విని, “పిన్నీ, ఈమెకి ఆ పాట ఇష్టం లేదు, అయినా బాగా పాడింది” అంది. పదమూడేళ్ల పిల్లకి వినబడింది. గ్రూపులో ఆ లైకులు కొట్టిన పది మందిలో ఒక్కరైనా ఇవాళ రాత్రి ఆ 1989 ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వినండి. విన్నాక కూడా వేస్ట్ అనిపిస్తే రండి, నాతో వాదించండి, నేను ఎక్కడికీ పోను.