చిటికెడు డిస్ప్రోసియం

స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి సాయపడే మోటారులో ఓ చిన్న మాగ్నెట్ ఉంటుంది. ఎలక్ట్రిక్ కారును నడిపే మోటారులోనూ అదే జాతి, కాకపోతే కిలో, రెండు కిలోలు. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసే ఈ మాగ్నెట్ బాగా వేడెక్కితే పట్టు కోల్పోతుంది. చిటికెడు డిస్ప్రోసియం అనే లోహం కలిపితే తట్టుకుంటుంది. చైనా తాళం వేసింది ఆ చిటికెడు మీదే.

2025 ఏప్రిల్ 4న డిస్ప్రోసియం సహా ఏడు రేర్ ఎర్త్ (అరుదైన లోహ) మూలకాలకు, వాటితో చేసే మాగ్నెట్లకు చైనా ఎగుమతి లైసెన్సు తప్పనిసరి చేసింది. ప్రపంచం వాడే ఈ మాగ్నెట్లలో దాదాపు 90 శాతం అక్కడివే. మే నెలలో షికాగోలో ఫోర్డ్ ప్లాంటు వారంపాటు మూతపడింది. జపాన్‌లో స్విఫ్ట్ ఉత్పత్తి ఆగింది. మన దగ్గర ఏప్రిల్-సెప్టెంబరు మధ్య 26,500 దాకా ఈ-విటారా ఎలక్ట్రిక్ కార్లు చేద్దామనుకున్న మారుతి, 8,200తో సరిపెట్టుకోవాలని లెక్క మార్చుకున్నట్టు రాయిటర్స్ రాసింది. విడిభాగాల కంపెనీలు మాగ్నెట్లు దేనికి వాడతాయో రాసిచ్చి, చైనా రాయబార కార్యాలయం ముద్ర కోసం తిరగాల్సి వచ్చింది.

ఈ దెబ్బ మనకు కొత్త కాదు. చిప్పుల కరువులో, 2021 సెప్టెంబరులో, మామూలులో 40 శాతమే కార్లు చేయగలమని మారుతి ముందే చెప్పుకుంది. అదే డిసెంబరులో కేంద్రం చిప్పులకు 76,000 కోట్లు ప్రకటించింది. మాగ్నెట్లు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఏటా 6,000 టన్నుల తయారీకి 7,280 కోట్ల పథకం వచ్చేసరికి 2025 నవంబరు అయింది.

చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నామని కొందరి మాట. రేర్ ఎర్త్ మూలకాలుండే తీరపు ఇసుక ఖనిజం మోనజైట్ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో మొదటి స్థానం కదా అని. పోలిక బాగానే ఉంది కానీ, ఇసుక మాగ్నెట్ కాదు. ఇసుక నుంచి ఆక్సైడ్, ఆక్సైడ్ నుంచి లోహం, లోహం నుంచి మిశ్రమం, ఆ తర్వాతే మాగ్నెట్. మనం చాలావరకు ఆక్సైడ్ దగ్గరే ఆగిపోయాం. విశాఖలోనే ఓ జపాన్ కంపెనీ అనుబంధ సంస్థ, కేంద్ర ప్రభుత్వ రేర్ ఎర్త్ సంస్థ ఐఆర్ఈఎల్ ఇచ్చే ముడిసరుకును శుద్ధిచేసి ఏళ్లుగా జపాన్‌కు పంపుతోంది. అక్కడ మాగ్నెట్లవుతాయి. ఆ సరఫరా ఆపాలని ఐఆర్ఈఎల్‌కు కేంద్రం చెప్పినట్టు 2025 జూన్‌లో వార్తలొచ్చాయి. ఆపితే సరే, ఇక్కడ కొనేవాళ్లేరీ? 2023లో ప్రధాని జాతికి అంకితం చేసిన విశాఖ మాగ్నెట్ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. అవీ వేరే రకం, సమేరియం-కోబాల్ట్. రక్షణ, అణు అవసరాలకు.

అందుకే తీరాన్ని మరింత తవ్వడం మీదకంటే మధ్యలో తెగిన ఈ మెట్ల మీద డబ్బు పెట్టాలన్నది మా అభిప్రాయం. మోనజైట్‌లో రేడియోధార్మిక థోరియం ఉంటుంది. మత్స్యకారుల ఊళ్ల పక్కన తవ్వకాలంటే హడావుడిగా తేలే పని కాదు. కేంద్ర పథకం కింద వచ్చేవి అయిదు యూనిట్లే. ముడిసరుకును శుద్ధిచేసే అనుభవమూ, పోర్టూ ఉన్న విశాఖకు ఒకటి తెప్పించుకోవడానికి రాష్ట్రం ఇప్పుడే కదలాలి. హైదరాబాద్‌లోని ఎన్‌ఎఫ్‌టీడీసీ అనే పరిశోధన సంస్థ ఇప్పటికే ఈ సాంకేతికత మీద పనిచేస్తోంది.

ఇంతా చేసినా డిస్ప్రోసియం సమస్య తీరదు. మన ఇసుకలో అది తీయదగ్గంత లేదు. పాత మోటార్లలో ఉంది. వాటిని తుక్కు కింద కిలోల లెక్కన అమ్మేస్తున్నాం.