ఆకలి గారికి, పనసపొట్టు కూర బాధితుడు వ్రాయునది

మహారాజశ్రీ ఆకలి గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీరు కుశలమో కాదో నాకు తెలీదు, ఆరు వారాలుగా కబురు లేదు కదా. నేను మాత్రం రిపోర్టు ప్రకారం కుశలమే. కామెర్లకి 9 దాటిన బిలిరుబిన్ 1.1కి దిగింది, కళ్ళు తెల్లబడ్డాయి. "ఇంక అన్నీ తినొచ్చు" అన్నారు డాక్టరు గారు. తినడానికి తమరేరీ?

కామెర్లు రాగానే వెళ్ళిపోయారు, అర్థం చేసుకోగలను. ఆ రోజుల్లో పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో నాకు డోకొచ్చేది. ఇంగువ వాసనకి దుప్పటి ముక్కుదాకా లాక్కున్న తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. "సహించింది పెట్టండి" అని డాక్టరు చెబితే ఇంట్లోవాళ్ళు నూనె ఆపేశారు, ఉప్పు ఆపేశారు, పసుపు కూడా ఆపేశారు. పసుపేం చేసిందమ్మా అంటే, పచ్చగా ఉంటుంది కదరా అంది మా అమ్మ! చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ చెరుకురసం తాగమన్నారు. రోడ్డు పక్కన ఐసు వేయించుకుని తాగిన చెరుకురసమే నన్ను మంచమెక్కించిందని నా అనుమానం. తాగింది అప్పటికి నెల క్రితం. ఈ కామెర్ల వైరస్ లోపలికెళ్ళాక బయటపడ్డానికి 15 నుంచి 50 రోజులు తీసుకుంటుందట, ఇంక ఎవణ్ణని పట్టుకుంటాం?

అవన్నీ క్షమించాను. గురువారం సంగతి మాట్లాడుకుందాం.

అమలాపురం దగ్గర మా ఊళ్ళో బాబాయి కూతురి పెళ్ళి. కోనసీమ పెళ్ళంటే పనసపొట్టు కూర. హైదరాబాదులో పడి నేనది తిని మూడేళ్ళు. ముందురోజే వంటవాళ్ళు లేత పనసకాయలు చెక్కి ఠకఠకమని పొట్టు కొడుతుంటే పనీపాటా లేనివాడిలా వెళ్ళి ఎదురుగా కూచున్నాను. మర్నాడు చింతపండు పులుసులో ఉడికించారు. మినప్పప్పు, ఎండుమిర్చి, జీడిపప్పు, కరివేపాకు పోపు పెట్టారు. కుర్రాడెవడో తొందరపడి ఆవ కలపబోతే, వేడి మీద కలిపితే చేదెక్కుతుందిరా అని వంటాయన గరిటెత్తాడు. చల్లారాకే కలిపారు. చూశారా, పొయ్యి దగ్గర అంతమంది అంత ఓపిగ్గా ఉన్నారు. మీకే తీరిక లేకపోయింది.

అరిటాకులో పడింది. ఆవ ఘాటు ముక్కుకి తగిలింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోట్లో పెట్టుకుంటే ఏమీ లేదు. పనసపొట్టుకీ రంపంపొట్టుకీ తేడా తెలియలేదండీ నాకు! నములుతున్నాను, నములుతున్నాను, గొంతు దిగదు. ఎదురుగా పిన్ని నిలబడి "ఏరా, బాలేదా?" అంది. "భలే ఉంది పిన్నీ" అన్నాను. ఆ పాపానికి మారు వడ్డించింది. చివరికి రెండు ముద్దలు మజ్జిగన్నం మింగి, కూరంతా విస్తట్లో వదిలేసి లేచాను. మా నాన్నమ్మే ఉండుంటే వీపు మోగేది.

పోనీ అక్కడితో ఊరుకున్నారా? ఆ రాత్రే తిరుగు ప్రయాణం. ఒంటిగంటన్నరకి సూర్యాపేట ఇవతల ఏదో హోటల్ దగ్గర బస్సు ఆపాడు. ట్యూబులైటు చుట్టూ పురుగులు, సాయంత్రం వండిన ఇడ్లీ, దాని మీద కొబ్బరి పేరు చెప్పి పోసిన తెల్లనీళ్ళు.

అక్కడికొచ్చావు నువ్వు!

సిగ్గుందా అసలు? అరిటాకు ముందు బతిమాలితే రానిదానివి, ప్లాస్టిక్ ప్లేటుకి పరిగెత్తుకొచ్చావా? ఆకలి రుచెరగదని సామెత ఉంటే ఉండొచ్చు, దాన్ని నిరూపించడానికి నా పొట్టే దొరికిందా నీకు? నాలుగిడ్లీలు తినిపించావు. డ్రైవరు హారన్ కొడుతుంటే ఇంకో రెండు చెప్పించావు. కారప్పొడి మీద నూనె పోయించుకుని వేలితో తుడిచి మరీ నాకాను. ఆ నీళ్ళ చట్నీ అడుగున వేగిన ఆవగింజ ఒకటి పంటికింద చిటుక్కుమంది. నీ మీద ఎంత కోపమున్నా అబద్ధమాడను, ఆ క్షణాన కళ్ళు మూసుకుపోయాయి నాకు. ఆరు వారాల తర్వాత నోట్లో ఏదో ఉన్నట్టనిపించింది.

పొద్దున్న ఇల్లు చేరగానే పిన్నికి ఫోన్ చేశాను, కూరేమైనా మిగిలిందా అని.

"తెల్లారే గేదెకి పెట్టేశార్రా. ఆబగా తింది."

గేదెకున్న పాటి ఆకలి నాకు లేకపోయింది.

ఇవాళ ఆదివారం. ఇక్కడ పొట్టు కొట్టిచ్చేవాళ్ళెవరూ దొరక్క కాయకి కాయే తెచ్చాను. చేతులకీ కత్తికీ నూనె రాసుకుని కూచున్నా, అయినా బంక వదలట్లేదు. ఫోను కూడా మోచేత్తో ఎత్తుతున్నాను. ఆవ నూరడం అయింది. పన్నెండున్నరకి వడ్డించుకుంటాను. అప్పటికి ఇంట్లో ఉంటావా, మళ్ళీ సూర్యాపేట వెళ్తావా?