మైక్రోఆర్‌ఎన్‌ఏ-155 గారి సముఖమునకు

మహారాజశ్రీ మైక్రోఆర్‌ఎన్‌ఏ-155 గారికి నమస్కరించి రాసేది ఏమనగా,

ఇచ్చట నేను క్షేమం, అచ్చట మీరు క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టడం ఉత్తరాల మర్యాద. మన విషయంలో ఆ మర్యాద చెల్లదు. జన్యువుల ఆజ్ఞలను అణిచే బుల్లి ఆర్‌ఎన్‌ఏ తునకగా నా 21వ క్రోమోజోమ్ మీద పుట్టి, క్రిములతో పోరాడవలసిన నా టి కణాలలో పెరిగి, సొంత రోగనిరోధక కణాలే దాడి చేసి కీళ్లవాతం తెచ్చిన నా కీళ్ల పొరల్లో తిష్ఠ వేసిన మీకు అచ్చట అంటే ఇచ్చటే. ఇక క్షేమం సంగతి అంటారా, అది మీకు ఎంత పెరిగితే నాకు అంత తరుగుతోంది కాబట్టే ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

మీ ఆకారం చూసి మోసపోయినవాళ్లలో నేను మొదటివాణ్ణి కాను. చంపకమాలలో ఒక్క పాదానికి 21 అక్షరాలుంటాయి. ఆర్‌ఎన్‌ఏ రసాయన అక్షరాల్లో లెక్కిస్తే మీ నిలువెత్తు నిడివి అంతకు రెండు మూడక్షరాలు మాత్రమే ఎక్కువ. అందులోనూ మీరు ప్రధానంగా పని నడిపించేది రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా ఉన్న ఏడింటితోనే. పద్యానికి ప్రాస రెండో అక్షరం దగ్గర ఉన్నట్టే మీ పట్టూ అక్కడే మొదలవుతుంది. ప్రోటీన్ తయారీకి ఆజ్ఞ మోసుకుపోతున్న ఏ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తోక భాగంలోనైనా ఆ ఏడక్షరాలకు జత కుదిరిందంటే, ఆర్గొనాట్ అనే ప్రోటీన్ భుజమెక్కి వెళ్లి దాని నోరు నొక్కుతారు. మిగతా వేల అక్షరాలలో అది ఏం చెప్పుకుంటున్నదో మీకు అక్కర్లేదు. ఏడక్షరాలు చదివి గ్రంథం మొత్తాన్ని తీసిపారేసే విమర్శకులను బయట కూడా చూశాను గాని, వారి తీర్పులు నా వేళ్ల కణుపుల మీద అమలు కాలేదు.

మీ వంశం ఘనమైనదేమీ కాదు. మీ వాళ్లలో మొదట బయటపడిన లిన్-4ను 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో పట్టుకుంటే, అది ఆ పురుగు ఇంటి గొడవేనని లోకం ఏడేళ్లు ఊరుకుంది. ఆ ఇద్దరికీ 2024లో నోబెల్ బహుమతి వచ్చేసరికి అందరూ మీకు చుట్టాలయ్యారు. తమరి సొంత జన్యువు సంగతి మరీ విడ్డూరం. కోళ్ల లింఫోమా కణితుల్లో వైరస్ చొరబడే స్థలంగా దాన్ని ముందే గుర్తించారు; తీరా చూస్తే దాని నుంచి ఒక్క ప్రోటీన్ కూడా తయారు కాదు. ఏ పనీ రానివాడికే ఊరందరి పనుల మీదా పెత్తనం దక్కడం అనే ఏర్పాటు మనుషుల ఘనకార్యమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ ఆరోపణను ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను.

అసలు ఫిర్యాదుకు వస్తాను. టి కణం రెచ్చిపోవాలంటే పొరుగు కణాలు పంపే సైటోకైన్ల కబురు జాక్, స్టాట్ అనే ప్రోటీన్ల చేతులమీదుగా కేంద్రకందాకా చేరాలి. ఆ కబురు మితిమీరినప్పుడు ఎస్‌ఓసీఎస్-1 అనే ప్రోటీన్ పెద్దమనిషి దారికి అడ్డం నిలబడి, చాలు, ఇక ఊరుకోండి అంటాడు. తమరు చేసినదల్లా ఆ పెద్దమనిషి నోరు నొక్కడం. ఎవరినీ కేకలు వేయమని మీరు పురమాయించలేదు. ఊరుకోమనేవాడిని ఊరుకోబెట్టారు, అంతే. చేతికి మట్టి అంటకుండా గొడవ పెంచే ఈ విద్యను మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, మీ దగ్గర ఎవరు నేర్చుకున్నారో నేను అడగను.

దాని ఫలితం మాత్రం చూపించగలను. ఈ ఉదయం నిద్ర లేచాక, వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ మాత్రల సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాను. చూపుడువేలు, మధ్యవేలు మొదళ్లు ఉబ్బి, నున్నగా మెరుస్తూ, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. మూత తిరగలేదు. తువ్వాలు చుట్టి తిప్పాను, రెండు మోకాళ్ల మధ్య బిగించి తిప్పాను, చివరికి వేడినీళ్లలో చేతులు నానబెట్టుకుని గంట సేపు ఎదురుచూశాను. కీళ్లవాతం తగ్గించే మందు కీళ్లవాతం లేనివాళ్లు మాత్రమే తెరవగలిగిన సీసాలో ఉన్నది. ఇందులో మీ పాత్ర లేదనకండి. నా వంటి రోగుల కీళ్ల పొరల్లో మీరు మోతాదుకు మించి ఉన్నట్టు చూసినవాళ్లున్నారు. మీరు బొత్తిగా లేని ఎలుకల్లో ఇలాంటి కీళ్ల జబ్బును రప్పించబోతే రాలేదు; నరాల తొడుగు మీద సొంత ఒళ్లే దాడి చేసే మల్టిపుల్ స్క్లిరోసిస్‌ను పోలిన జబ్బును రప్పించబోతే అదీ గట్టిగా పట్టుకోలేదు.

అయితే తమరిని సాగనంపుదామా అంటే, అదీ కుదరదట. మీరు లేని ఎలుకలకు సాల్మొనెల్లా టీకా వేసి చూశారు. ఆ తర్వాత అసలు క్రిమి వచ్చినప్పుడు వాటికి రక్షణ దొరకలేదని 2007లో తేలింది. అంటే నా ఇంటికి నిప్పు పెట్టేదీ మీరే, నిప్పు ఆర్పేవాళ్లకు నీళ్లు తోడి ఇచ్చేదీ మీరే. అప్పు ఇచ్చినవాణ్ణి తిట్టలేనట్టు మిమ్మల్నీ మనసారా తిట్టలేకపోతున్నాను.

మీ సహోద్యోగి మైక్రోఆర్‌ఎన్‌ఏ-146ఎ గారి గురించి కూడా రెండు మాటలు. జన్యువులను మేల్కొలిపే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ అధికారి మీ ఇద్దరికీ ఒకే సంతకంతో ఉత్తర్వులిస్తాడు. మిమ్మల్ని రాజేయడానికి పెట్టుకున్నాడు, ఆయనను చల్లార్చడానికి. ఆ అధికారికి ప్రమాద హెచ్చరికలు మోసే ట్రాఫ్-6, ఐరాక్-1 అనే ఇద్దరి నోళ్లు నొక్కడం 146ఎ గారి విధి. సొంత ఒంటి మీదే దాడి జరిగే లూపస్ అనే జబ్బు ఉన్న రోగుల్లో ఆయన చాలినంతగా కనిపించడు, అది ఒక బాధ. నా బోటివాళ్ల రక్తకణాల్లో మాత్రం పుష్కలంగా ఉంటాడు. అయినా ట్రాఫ్-6, ఐరాక్-1 ఆరోగ్యవంతుల్లో ఎంత ఉంటాయో అంతే ఉన్నాయని, వీసమెత్తు తగ్గలేదని 2008లో లెక్క తేల్చారు. హాజరుపట్టీలో రోజూ సంతకం ఉంటుంది, పని మాత్రం జరగదు.

ఇక శాంతి కాపాడవలసిన నియంత్రక టి కణాలు ఉన్నాయి. థైమస్ గ్రంథిలో సొంత ఒంటి మీదికి వెళ్లే టి కణాలను చాలావరకు ఏరివేసినా, కొన్ని తప్పించుకుని బయటికి వస్తాయి. వాటిని అదుపులో పెట్టేది ఈ నియంత్రక కణాలే. వీటిని 1995లో షిమోన్ సకగుచి వెలికితీశారు. వీటిని నడిపే ఫాక్స్‌పీ-3 జన్యువు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ చేతికి చిక్కింది. ఆ ముగ్గురికీ 2025 నోబెల్ దక్కింది. నా ఆశలన్నీ ఈ కణాల మీదే పెట్టుకున్నాను. తీరా ఆరా తీస్తే, ఫాక్స్‌పీ-3 పదవిలోకి వచ్చిన చోట మిమ్మల్ని కూడా పిలిపించుకుంటుందని, మీరు అక్కడ కూడా అదే ఎస్‌ఓసీఎస్-1 నోరు నొక్కితేనే ఆ కణాలు పోటీలో నిలదొక్కుకుంటాయని తెలిసింది. కొట్టేవాడి కంచంలోనూ విడిపించేవాడి కంచంలోనూ వడ్డించే చేయి ఒకటే అన్నమాట. మీ జాతి మొత్తాన్ని ఆ నియంత్రక కణాల నుంచి తొలగించిన ఎలుకలు సొంత ఒంటి దాడికే ప్రాణాలు విడిచాయి. కనుక ఇక్కడ కూడా మీ మీద ఫిర్యాదు నిలబడదు.

పోనీ, మీ జాతివారినే మందుగా మార్చుకుందామంటే అదీ జరిగిపోయింది. మైక్రోఆర్‌ఎన్‌ఏ-34 ప్రతిరూపాన్ని కొవ్వు బుడగల్లో పెట్టి కేన్సర్ రోగులకు ఇచ్చారు. తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్యలు వచ్చాయని 2016లో ఆ ప్రయోగం ఆపేశారు. రోగనిరోధక వ్యవస్థ గుమస్తాలకు వకాల్తా ఇస్తే రోగనిరోధక వ్యవస్థే అభ్యంతరం చెప్పింది.

కాబట్టి నేను కోరేది రాజీనామా కాదు. మీరు ఒక్కొక్క ప్రోటీనును సాధారణంగా సగం కూడా తగ్గించరని, సన్నగా మాత్రమే నొక్కుతారని తెలిసినవాళ్లు చెబుతారు. ఆ సన్నదనాన్నే ఇంకొంచెం సన్నం చేయండి. ఊపిరితిత్తుల్లోకి వైరస్ వచ్చిన రోజున మీ ఇష్టం వచ్చినంత నొక్కండి, అడ్డం రాను. నా కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ల దగ్గర మాత్రం ఎస్‌ఓసీఎస్-1ను ఒక మాట మాట్లాడనివ్వండి. వచ్చే వారం మళ్లీ ఆ సీసా మూత తీయాలి.

ఇట్లు,
మీరు కాపురముంటున్న ఒంటికి పేరుకు మాత్రం యజమాని

తా.క.: రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా మాత్రమే చదివే అలవాటు తమరికి ఉంది గనుక మనవి చేస్తున్నాను. ఈ ఉత్తరంలో ఆ భాగంలో ఉన్నవి మీ బిరుదు, మీ పేరులో సగం మాత్రమే. ఫిర్యాదంతా తొమ్మిదో అక్షరం తర్వాతే ఉంది.